ఫ్రిజ్ మీద స్కానర్

అక్టోబర్ 14, సోమవారం

స్కానర్ మూగబోయింది. పొద్దున్న కాఫీ పెడుతుంటే ఒకసారి గరగరమంది, అంతే. ఈరోజు నుంచి కౌంటీ మొత్తం కొత్త టవర్ల రేడియోకి మారిందట. ఫైర్‌వాళ్లు, షెరీఫ్ పోలీసులు, అంబులెన్సు, మంచు తోసే బళ్లు, స్కూలు బస్సులు, అందరూ ఒకే గూటికి. వీళ్లందరి రేడియో మాటలూ వినిపించే డబ్బా, పెళ్లైన కొత్తలో కొన్నది. మా ఆయన ఆరిన్ ఏ మంటకి పరిగెత్తినా వంటింట్లో నిలబడే అంతా విన్నాను ఇన్నాళ్లూ.

వైరు పీకింది ఆరినే. "దాంట్లో ఇక ఏమీ రాదు వెర్నా. డంపులో పడేసి వస్తాను," అన్నాడు. సరేనన్నాను. ఫ్రిజ్ మీద దాని కింద పేరుకున్న జిడ్డు తుడిచేశాను.

నాకేం దిగులు లేదు. నేను వినేది కబుర్ల కోసం కాదు. మంట ఎంతసేపు ఉంటుందో తెలిస్తేనే కదా ఎన్ని సాండ్‌విచ్‌లు కట్టాలో, ఎంత కాఫీ పట్టుకెళ్లాలో తెలిసేది. జీతం లేకుండా, పిలుపొస్తే పరిగెత్తే ఫైర్‌మన్‌ని కట్టుకున్న ప్రతి ఆడదీ ఈ ఊళ్లో చేసే పనే.

అక్టోబర్ 20

బీట్ దుంపల గుట్ట దగ్గర ట్రాక్టరు తగలబడింది. పేజర్ కుయ్యిమనగానే ఆరిన్ సగం తిన్న పళ్లెం వదిలేసి పోయాడు. నేను ఆ పళ్లెం ముందు కూర్చున్నాను. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. లేచి పొయ్యి తుడిచాను. మళ్లీ తుడిచాను. ఎన్ని సాండ్‌విచ్‌లో తెలియక బ్రెడ్డంతా వాడేశాను.

చీకటి పడేసరికి వచ్చాడు. "పంపు దగ్గరే ఉన్నాను," అన్నాడు నేనడక్కముందే.

అదే కదా మా ఒప్పందం. సెప్టెంబరులో ఫార్గో ఆస్పత్రిలో అతని గుండెకి స్టెంటు వేసినప్పుడు డాక్టరమ్మ తెగేసి చెప్పింది, మాస్కు తగిలించుకుని మంటలోకి వెళ్లడం ఇక కుదరదని. బండి తోలడం, బయట పంపు దగ్గర నిలబడి నీళ్లు వదలడం, అంతవరకే. అతను లోపలికి వెళ్లనని నాకు మాటిచ్చాడు. స్టెంటు సంగతి ఫైర్ స్టేషనులో ఎవరికీ చెప్పనని నేనతనికి మాటిచ్చాను. తెలిస్తే సాగనంపేస్తారని అతని భయం. అందుకే ఊరందరికీ పిత్తాశయంలో రాళ్లన్నాం. పాపం, రాళ్లున్నవాడికి కొవ్వు పడదని పక్కింటివాళ్లు వెన్న లేని హాట్‌డిష్‌లు ఓవెన్లో వండి తెచ్చారు. చప్పగా, అట్టముక్కల్లా ఉన్నాయి. ఆరిన్ బుద్ధిగా తిన్నాడు.

జుట్టంతా పొగ వాసన.

అక్టోబర్ 21

పంపు దగ్గరికీ పొగ వస్తుంది. గాలి ఎటు వీస్తే అటు.

నవంబర్ 2

కొత్త స్కానర్ తెప్పించాను. ఆరిన్ చూసి, "రాకెట్లు ఎగరేస్తావా ఏంటి?" అన్నాడు. దాంతోపాటు దిండంత పుస్తకం వచ్చింది. చదివే ఓపిక ఎవరికుంది. స్కానర్ అంటే నాకు కొత్తా? ఒక ఫ్రీక్వెన్సీ ఫైర్‌వాళ్లది, ఒకటి షెరీఫ్‌ది, ఒకటి అంబులెన్సుది. నంబర్లు కొట్టుకుంటూ పోవడమే. మా టవర్ నంబర్లు కంప్యూటర్లో దొరికాయి. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కోటీ ఎక్కించాను. మొదటి దాంట్లో ఆరిన్ చిన్నాన్న కొడుకు, మా ఫైర్ చీఫ్ లైల్ గొంతు వినబడింది. దానికి "ఫైర్" అని పేరు పెట్టాను. పాతదానికంటే గొంతు శుభ్రంగా ఉంది. ఎంత హాయిగా ఉందో.

నవంబర్ 5

"ఫైర్" ఛానల్లో స్కూలు బస్సు తోలే మైలో క్వామ్ మాట్లాడుతున్నాడు! ఎవరి పిల్లవాడో బస్సులో వాంతి చేసుకున్నాడట. ఫోన్ చేసి కడిగేశాను, అవసరానికి వాడుకునే ఛానల్లో ఈ గోలేంటని. "అమ్మా, నా రేడియోకి ఉన్నదే ఒక్క మీట. అది నొక్కితే బస్సుల ఆఫీసు వస్తుంది. నన్నెందుకు తిడతావు?" అన్నాడు. అబద్ధాలకోరు.

కాసేపటికి అదే ఛానల్లో మంచు తోసే బండివాడు. అందరూ పద్ధతి తప్పుతున్నారు.

నవంబర్ 10, ఆదివారం

పొయ్యి మూడుసార్లు తుడిచినా కంగారు తగ్గలేదు. రాస్తే తగ్గుతుందేమో.

మధ్యాహ్నం హాల్వర్సన్ వాళ్ల యంత్రాల షెడ్డు అంటుకుంది. ఆరిన్ నీళ్ల ట్యాంకరు తీసుకెళ్లాడు. నేను స్కానర్ని "ఫైర్" మీద పెట్టి బ్రెడ్డుకి వెన్న రాస్తున్నాను. లైల్ గొంతు: "ఆరిన్ వచ్చేశాడు." ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే అదే ఛానల్లో ఒకావిడ ఆయాసపడుతూ: "కింద పడిపోయారు. గుండె కొట్టుకోవడం లేదు. అంబులెన్సు తొందరగా."

ఆ తర్వాత ఏమీ లేదు. మైలో క్వామ్ కూడా లేడు.

చెప్పులు మార్చుకోలేదు. ఇంట్లో వేసుకునే ఊలు చెప్పులతోనే కారెక్కాను. గడ్డకట్టిన రోడ్డు మీద ఎలా తోలానో నాకే తెలియదు. దారంతా ఒకటే మాట, నేనే చంపుకున్నాను, లైల్‌కి చెప్పి ఉంటే బతికేవాడు అని. చేరేసరికి ఆరిన్ పంపు దగ్గర నిలబడి నింపాదిగా చాక్లెట్ తింటున్నాడు.

మంట అప్పటికే ఆరిపోయింది. మగాళ్లందరూ నా కాళ్లకేసి చూస్తున్నారు. "వదినా, కాఫీ ఏది? చెప్పులు మాత్రం తెచ్చావు," అన్నాడు లైల్. అందరూ నవ్వారు. ఆరిన్ ఛాతీ మీద చెయ్యి వేశాను. "ఇతని గుం..." అనేశాను. ఆరిన్ చూసిన చూపుకి నాలుక మడతపెట్టేశాను. "గుండీ ఊడింది," అన్నాను. నిజంగానే ఒకటి ఊడి ఉంది.

కారు దాకా వచ్చి మెల్లగా అన్నాడు: "నేను పంపు దగ్గరే ఉన్నాను. చూశావుగా. ఇంకోసారి ఇలా వచ్చావంటే వాళ్లకి అనుమానం వస్తుంది."

చూశాను. నిజమే, పంపు దగ్గరే ఉన్నాడు. నాదే బుద్ధిలేనితనం.

నవంబర్ 11

నిన్న గుండె ఆగింది వృద్ధుల ఆశ్రమంలో ఎంగెబ్రెట్ తాతకి. పోయాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు మాకు ఈత నేర్పిన మనిషి.

నవంబర్ 14, గురువారం

ఎంగెబ్రెట్ తాత అంత్యక్రియలు. తర్వాత చర్చి బేస్‌మెంట్లో భోజనాలు, నేను హామ్ వడ్డించాను. గిన్నెలు కడిగేటప్పుడు పాస్టర్ సాల్వెగ్ తుడవడానికి పక్కన నిలబడింది. ఆవిడకీ స్కానర్ పిచ్చి ఉంది. ఎవరింటికి అంబులెన్సు వెళ్లిందో తెలిస్తేనే కదా ఎవరిని పలకరించాలో తెలిసేది అంటుంది. ఆదివారం భాగోతం ఊరంతా పాకింది, ఆవిడా వినే ఉంటుంది. నవ్వలేదు. ఛానళ్లు ఎలా ఎక్కించారని అడిగింది. చెప్పాను. తుడుస్తున్న పళ్లెం కింద పెట్టేసింది.

"ఈ బేస్‌మెంట్ గదులనే తీసుకోండి," అంది. "ఇదివరకు కుట్టుపనివాళ్లది ఒక గది, పాటలవాళ్లది ఒక గది, పిల్లల బైబిల్ క్లాసుది ఒకటి. ఎవరి గది వాళ్లదే. మీ పాత స్కానర్‌కి ఏ గదిలో చెవి పెట్టాలో చెబితే చాలు. ఇప్పుడు ఎవరికీ సొంత గది లేదు. తలుపు దగ్గర ఒకావిడ కూర్చుంది. కుట్టుపనివాళ్లు మాట్లాడుకోవాలంటే ఆవిడ ఖాళీగా ఉన్న గది చూపిస్తుంది. వాళ్లు ఒక మాట అనుకుని బయటికొచ్చేస్తారు. ఇంకో మాట ఉంటే మళ్లీ ఆవిడ దగ్గరికే, ఈసారి ఇంకో గది."

"మరి నేను?"

"మీరు మొదటి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు వెర్నాగారూ. లైల్ వచ్చి ఒక మాట అని వెళ్లాడు. వెనకాలే ఆశ్రమం నర్సు వచ్చి ఒక మాట అని వెళ్లింది. రెండూ మీరే కలిపి కుట్టుకున్నారు."

పాపం మైలో క్వామ్. అతని ఒక్క మీట అతనికి నిజంగానే బస్సుల ఆఫీసు చూపిస్తోంది, గది ఏదైనా సరే.

గదుల వెంట పడకూడదు, మనుషుల గుంపు వెంట పడాలట. దీన్నే ట్రంకింగ్ అంటారట. ఆ తలుపు దగ్గర ఆవిడకీ ఒక ఛానల్ ఉంది, కంట్రోల్ ఛానల్. స్కానర్ ముందు ఆవిడ మాట వినాలి. ఏ గుంపు కావాలో దాని నంబరు మనం చెబితే, ఆ గుంపు ఏ గదికి వెళ్తే స్కానర్ ఆ గదికి పరిగెడుతుంది. ఇదంతా ఆ దిండు పుస్తకంలో మొదటి పేజీలోనే ఉందట. బాగుంది.

నవంబర్ 16

ఎక్కించినవన్నీ పీకేసి, పుస్తకం చదువుకుంటూ మొదటినుంచీ చేశాను. ముందు కంట్రోల్ ఛానల్, తర్వాత గుంపులు. ఇప్పుడు ఫైర్ అంటే ఫైరే. మైలోకి ఒక రేకు నిండా తీపి బార్లు, కేకు ముక్కల్లాంటివి, కాల్చి పంపాను. క్షమాపణ చీటీ పెట్టలేదు. బార్లు పంపితే అర్థం కాదా ఏంటి.

నవంబర్ 28, థాంక్స్‌గివింగ్

టర్కీ కోస్తుంటే పేజర్. పొగగొట్టంలో మంట. నేను స్కానర్ పెట్టాను. బండి బయల్దేరడం, మలుపులు, "చేరుకున్నాం" అనడం, ఒక్క మాట పొల్లుపోకుండా వినబడింది. ఆ తర్వాత నిశ్శబ్దం. గంట పైన గడిచాక "తిరిగి వస్తున్నాం."

"పంపు దగ్గరే ఉన్నాను," అన్నాడు.

మెడ వెనక ఎర్రగా గీత. మాస్కు పట్టీ పడేచోట. కాలరు ఒరుసుకుందేమో.

డిసెంబర్ 3

కాలరు ఒరుసుకునే చొక్కా కాదది. మెత్తటి ఫ్లానెల్.

డిసెంబర్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ని ఆపాను. చేరుకున్నాం అన్నాక ఎప్పుడూ నిశ్శబ్దమే, నేనింకేదైనా గుంపు వదిలేశానా అని అడిగాను. ఆవిడ చేతిలో కొవ్వొత్తులు సర్దుతూ ఉండిపోయింది. నాకు చెప్పాలా వద్దా అనుకుంటోందని తెలిసిపోయింది.

"వదల్లేదు," అంది చివరికి. "మంట దగ్గర వాళ్లు టవర్ వాడరు. గోడల మధ్య, నేలకింది గదుల్లో టవర్ అందకపోతే లోపలున్నవాడి కేక ఎవరికీ వినబడదు. తలుపు దగ్గర ఆవిడే కనబడనప్పుడు గది ఎవరు చూపిస్తారు? అందుకని లోపలికి వెళ్లేవాళ్లు చేతిరేడియోలతో ఒకళ్లకొకళ్లు నేరుగా మాట్లాడుకుంటారు. పాత ఛానల్లోనే. దాన్ని తీసెయ్యలేదు."

"అంటే నా పాత స్కానర్‌లో..."

"దగ్గర్లో ఉంటే వినబడుతుంది. కొత్తదాంట్లో కూడా పెట్టుకోవచ్చు, ఆ ఒక్కటీ పాత పద్ధతిలో."

ఆరిన్ ఈ కొత్త రేడియోల శిక్షణకి నాలుగు శనివారాలు వెళ్లొచ్చాడు.

డిసెంబర్ 9

అతనికి తెలిసి ఉండదు. వెనక బెంచీలో కునుకు తీసి ఉంటాడు.

డిసెంబర్ 11

ఊరగాయ బీట్‌రూట్ సీసా కోసం బేస్‌మెంట్‌కి దిగాను. సీసాల వెనక ఏదో గుడ్డల మూట. ఆరిన్ పాత ఫ్లానెల్ చొక్కా. విప్పితే స్కానర్. వైరు చక్కగా మడిచి రబ్బరు బ్యాండు వేసి ఉంది. డంపులో పడేస్తానన్నవాడు చంటిపిల్లని చుట్టినట్టు చుట్టి దాచాడు.

మళ్లీ అలాగే చుట్టి పెట్టేశాను. బీట్‌రూట్ మర్చిపోయి పైకొచ్చాను.

కొత్తదాంట్లో ఆ ఛానల్ పెట్టుకోలేదు. అక్కర్లేదు. మొగుడి మాట నమ్మకపోతే కాపురమెందుకు.

డిసెంబర్ 12

అక్కర్లేదు.

డిసెంబర్ 19

నిద్ర లేదు. కిటికీలన్నీ తుడిచాను, బయట మంచు కురుస్తుండగా. ఆరిన్ నన్ను చూసి గ్యారేజీలోకి పోయాడు.

జనవరి 14, మంగళవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదకొండింటప్పుడు పేజర్. పెద్ద వీధిలో దాణా కొట్టు, మా ఇంటికి రెండు సందుల అవతల. వంటింటి కిటికీలోంచే పొగ కనబడుతోంది. మంగళవారం పూట మగాళ్లెవరున్నారు ఊళ్లో? సగంమంది చక్కెర ఫ్యాక్టరీలో, మిగతావాళ్లు పొరుగూళ్లలో. కొత్త స్కానర్‌లో "చేరుకున్నాం" అన్నాడు లైల్. నలుగురే ఉన్నాం, పక్క ఊరి బండి పంపండన్నాడు. తర్వాత అలవాటైన నిశ్శబ్దం.

వెన్న కత్తి చేతిలో ఉండగానే బేస్‌మెంట్ మెట్లు దిగుతున్నాను. నేను నిర్ణయించుకున్నట్టు గుర్తులేదు. చొక్కా విప్పి, పాతదాన్ని ఫ్రిజ్ మీద దాని చోట పెట్టి, వైరు గుచ్చాను.

ముందు ఊపిరి వినబడింది. మాస్కులోంచి వచ్చే ఊపిరి. నేను పక్కన పడుకుని ఇన్నేళ్లు విన్న ఊపిరి నాకు తెలియదా. తర్వాత మాట: "మెట్ల మీద ఉన్నాను. పైన బస్తాలు అంటుకున్నాయి. ఏమీ కనబడట్లేదు."

"బయటికొచ్చెయ్ అన్నా, పక్క ఊరి బండి వస్తోంది. లోపల ఎవరూ లేరు, దాణాయే కదా," లైల్ గొంతు.

"ఒక్క నిమిషం."

ఇంట్లో కూడా ప్రతిదానికీ ఒక్క నిమిషమే. అన్నం చల్లారిపోతుంది, కారు గడ్డకట్టిపోతుంది. మళ్లీ ఊపిరి. మధ్యలో ఆగుతోంది, మళ్లీ పట్టుకుంటోంది. కోళ్ల దాణా కోసం! నాకొచ్చిన కోపానికి ఫ్రిజ్‌ని కొట్టాను. "రా, బయటికి రా," అని ఆ డబ్బా మీద అరిచాను. స్కానర్‌కి చెవులే, నోరు లేదు. ఈ వంటింట్లో నేను చేసిందంతా వినడమే.

ఈసారి బూట్లు వేసుకున్నాను. కోటు గుండీలు పెట్టుకున్నాను. నడిచాను. పరిగెడితే ఎవరూ నా మాట వినరని తెలుసు.

పంపు దగ్గర ఆరిన్ స్థానంలో బ్యాంకులో పనిచేసే డెల్బర్ట్ నిలబడి ఉన్నాడు, టైతో సహా. లైల్ నన్ను చూసి, "వదినా, ఇవాళ బూట్లే..." అని మొదలుపెట్టాడు.

"లైల్, మీ అన్నకి పిత్తాశయంలో రాళ్లు కాదు. గుండెకి స్టెంటు వేశారు. మాస్కు పెట్టుకోకూడదని డాక్టరు చెప్పింది. మీకెవరికీ చెప్పనని నేనే మాటిచ్చాను."

అతని మొహంలో నవ్వు ఎటు పోయిందో. రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఆరిన్, బయటికి రా. చీఫ్‌గా చెబుతున్నాను." "అన్నా" అని పిలవలేదు.

వచ్చాడు. గుమ్మం దాటి మంచులో మోకాళ్ల మీద కూలబడ్డాడు. మాస్కు లాగితే మొహం పిండి ముద్దలా ఉంది. అంబులెన్సువాళ్లు చొక్కా విప్పుతుంటే వాళ్ల భుజాల మీదుగా నాకేసి చూశాడు. నేనెందుకక్కడున్నానో అర్థమైపోయింది.

ఆస్పత్రిలో అన్నీ చూశారు. గుండెకేమీ కాలేదట, అలిసిపోయిందట. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఒక్కటే మాట: "నువ్వు మాటిచ్చావు."

"నువ్వూ ఇచ్చావు," అన్నాను.

జనవరి 16

మాట్లాడట్లేదు. సూపు గ్యారేజీలోకి తీసుకెళ్లి తిన్నాడు.

జనవరి 19

"ఉప్పు ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను.

జనవరి 23

పాతది ఫ్రిజ్ మీదే ఉంచేశాను. కొత్తది పక్కన. ఆరిన్ పాలు తీసుకోవడానికొచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పారేస్తానన్నావుగా," అన్నాను, అటు తిరగకుండానే.

"పనిచేసే వస్తువుని ఎవరైనా పారేస్తారా," అన్నాడు.

అంటే దాంట్లో ఇంకా మాటలొస్తాయని తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. ట్రాక్టరప్పుడూ, పొగగొట్టమప్పుడూ మంటలోకే వెళ్లాడు. స్నానాలగదిలోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బతికున్నవాడి మీద ఇంత కోపం రావడం కూడా అదృష్టమేనేమో.

ఫిబ్రవరి 1

లైల్ వచ్చాడు. ఆరిన్ మాస్కూ గాలి సిలిండరూ తీసుకెళ్లాడు. పంపు మాత్రం అతనిదేనన్నాడు, అంత బాగా పంపు నడిపేవాడు వేరే లేడన్నాడు. "మగాళ్లు మంటలో ఉంటే ముసలాడిలా బయట నిలబడాలా? నేను రాను," అన్నాడు ఆరిన్. లైల్‌కి కోపమొచ్చింది. "లోపలున్నవాడికి నీళ్లాగితే ఏమవుతుందో నీకు తెలియదా అన్నా? డెల్బర్ట్‌ని పెట్టుకుని మమ్మల్ని చావమంటావా?" అనేసి కాఫీ తాగకుండానే పోయాడు.

పేజర్ సొరుగులో పడేశాడు ఆరిన్. తీసి చార్జికి పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో నన్నడక్కండి.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచొచ్చి కోటు విప్పుతుంటే పేజర్ మోగింది. ఊళ్లోనే, రైలుకట్ట పక్కన ఖాళీ ఇల్లు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. ఆరిన్ కదల్లేదు. నేను బ్రెడ్డు తీసి బల్ల మీద పెట్టాను. "లోపలికెళ్లే కుర్రాళ్లకి నీళ్లెవరిస్తారు?" అన్నాను. విప్పిన కోటే మళ్లీ తొడుక్కుని వెళ్లాడు.

రెండు స్కానర్లూ పెట్టాను. కొత్తదాంట్లో "చేరుకున్నాం." ఆ తర్వాత దాని నిశ్శబ్దం దానిది.

పాతది గరగరమంది.

"పంపు దగ్గర ఆరిన్. ఇక్కడే ఉన్నాను."

"సరే అన్నా," అన్నాడు లైల్.

నాలుగు ముక్కలకి వెన్న రాసేసరికి మళ్లీ: "పంపు దగ్గర ఆరిన్. ఇక్కడే ఉన్నాను."

"తెలుసు అన్నా. ఇప్పుడెవరడిగారు?"

కుర్రాళ్లు గొట్టం లాగండి, కిటికీ పగలగొట్టండి అని అరుచుకుంటున్నారు. కాసేపాగి, వాళ్ల అరుపుల సందు చూసుకుని, మళ్లీ అదే మాట. తొందర లేదు, ఆయాసం లేదు. ఈసారి లైల్ ఏమీ అడగలేదు.

నేను కత్తి పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. "విన్నాను," అన్నాను దాంతో. తర్వాత మిగతా బ్రెడ్డుకి వెన్న రాశాను.